ఆడే కోచా? బయటి కోచా?

1940ల్లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా ఫుట్‌బాల్ లీగ్ క్లబ్బులకు ఇదో మీమాంస: కెప్టెన్‌కే కోచ్ పనీ అప్పగించాలా, వేరే మనిషిని పెట్టుకోవాలా?

ఖర్చు: ఆడే కోచ్‌తో రెండు పనులు ఒక్కరితోనే. బయటి కోచ్‌కు జీతం వేరు.

శ్రమ: బంతి వెంట పరిగెడుతూనే ఆట మొత్తాన్ని చదవాలి. ఎసెండన్ జట్టు కెప్టెన్, కోచ్ డిక్ రేనాల్డ్స్ అదీ చేశాడు. 1942, 1946, 1949, 1950ల్లో ఎసెండన్‌కు టైటిల్ గెలిపించాడు. ఇంతటివాడు అరుదు.

ముప్పు: వయసు. ఆటగాడిగా రిటైరయ్యాక కూడా రేనాల్డ్స్ 1951 ఫైనల్లో రిజర్వు ఆటగాడిగా దిగాడు, గెలుపు ప్రత్యర్థి జీలాంగ్‌ది.

నార్మ్ స్మిత్ 1952 నుంచి మెల్‌బోర్న్‌ను బయటి నుంచే నడిపి ఆరు టైటిళ్లు సాధించాడు. వాటిలో 1957, 1959 ఫైనళ్లలో ఓడింది రేనాల్డ్స్ శిక్షణలోని ఎసెండనే!

యుద్ధానికి ఆటగాళ్లు వెళ్లి జట్టు చెదురుతుంటే ఆడే కోచే మేలు. జట్టు కుదురుకున్నాక నా ఓటు స్మిత్ పద్ధతికే.