జర్మనీ స్టూడియన్‌కోలెగ్, టీ కోర్సు: ఏడాది చదివాక నా రివ్యూ (5కి 4 స్టార్లు)

ముందే చెప్తున్నా, మాస్టర్స్‌కి వెళ్ళేవాళ్ళకి ఇది అక్కర్లేదు, ఇంటర్ అవ్వగానే జర్మనీలో బ్యాచిలర్స్ చేద్దామనుకునేవాళ్ళ కోసం రాస్తున్నా. మన ఇంటర్ సర్టిఫికెట్ ఒక్కటే పెడితే అక్కడ యూనివర్సిటీలో డైరెక్ట్‌గా తీసుకోరు. జేఈఈ అడ్వాన్స్‌డ్ క్వాలిఫై అయ్యుంటేనో, ఇండియాలో ఒక ఏడాది డిగ్రీ పాసై ఉంటేనో వేరే సంగతి, నాకు రెండూ లేవు. అందుకే స్టూడియన్‌కోలెగ్, అంటే రెండు సెమిస్టర్ల ప్రిపరేటరీ కోర్సు. ఇంజినీరింగ్ వైపు టీ కోర్సు, మెడిసిన్, బయాలజీకి ఎమ్, ఎకనామిక్స్‌కి డబ్ల్యూ. నేను 2023లో తూర్పు జర్మనీలో ఒక చిన్న ఊర్లో గవర్నమెంట్ కోలెగ్‌లో టీ కోర్సులో చేరా.

డబ్బు సంగతి. గవర్నమెంట్ కోలెగ్‌లో ట్యూషన్ ఫీజు లేదు, సెమిస్టర్ కంట్రిబ్యూషన్ మాత్రం కట్టాలి. కానీ వీసాకి బ్లాక్‌డ్ అకౌంట్‌లో మన ఖర్చులకి డబ్బు చూపించాలి, నేను వెళ్ళినప్పుడు 11,208 యూరోలు, 2024 సెప్టెంబర్ నించి అది 11,904 అయ్యింది. అది ఫీజు కాదు, నెలకింత అని మనకే తిరిగి వస్తుంది, ఈ ముక్క మా నాన్నకి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు వారం పట్టింది. ఏపీఎస్ సర్టిఫికెట్‌కి, అంటే మన మార్కుల పత్రాలు అసలైనవే అని జర్మనీ తరఫున చెక్ చేసి ఇచ్చే కాగితానికి, ఇంకో 18,000 రూపాయలు. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్ళు నన్ను గట్టిగా ప్రైవేట్ కోలెగ్ వైపు తోశారు, అక్కడైతే సీటు గ్యారంటీ అని. వేల యూరోల ఫీజు, పైగా కొన్ని ప్రైవేట్ వాటిల్లో ఫైనల్ పరీక్ష వేరే చోటికి వెళ్ళి బయటి క్యాండిడేట్‌గా రాయాలి, ఆ మాట వాళ్ళు నేను మూడోసారి అడిగితే గానీ చెప్పలేదు. చేరేముందు "ఫైనల్ పరీక్ష ఎవరు పెడతారు" అని కచ్చితంగా అడగండి.

కోలెగ్‌లో చేరడానికి రాసే ఎంట్రన్స్‌లో మ్యాథ్స్ మన ఎంపీసీ వాళ్ళకి ఈజీనే. జర్మన్‌లోనే గండం. సీ-టెస్ట్ అని ఒక పేరా ఇస్తారు, అందులో ఒక మాట వదిలి ఒక మాటకి వెనక సగం కోసేసి ఉంటుంది, అవన్నీ మనం పూర్తి చెయ్యాలి. చిత్రం ఏంటంటే జర్మన్ నాకు ఇంగ్లీష్ లోంచి ఆలోచించినన్నాళ్ళూ రాలేదు, తెలుగు లోంచి ఆలోచిస్తే వచ్చింది. "ఎందుకంటే" అని మొదలుపెడితే క్రియ చివరికి పోతుంది, మనకి అది పుట్టుకతో అలవాటే కదా. జీ, డూ తేడా కూడా అంతే, మీరు-నువ్వు, ఎవరూ చెప్పక్కర్లేదు. అంకెల దగ్గర మాత్రం చచ్చా, 54ని "నాలుగూ-యాభై" అంటారు, బోర్డు మీద సార్ చెప్తూ పోతుంటే నేను 45 రాసుకునేదాన్ని, దశాంశానికి చుక్క బదులు కామా, వాళ్ళ 1 చూస్తే మన 7 లాగా ఉంటుంది.

ఇక అసలు పాయింట్. సిలబస్ చూసి మళ్ళీ ఇంటరే కదా అనుకున్నా, డిఫరెన్షియేషన్, వెక్టర్స్, అన్నీ తెలిసినవే. మొదటి మ్యాథ్స్ టెస్ట్‌లో అన్ని ఆన్సర్లూ కరెక్టే, గ్రేడ్ మాత్రం 3. అక్కడ 1 అంటే టాప్, 4 అంటే బొటాబొటీ పాస్. సార్ పేపర్ మీద వేలు పెట్టి "ఉండ్ వీ?" అన్నారు, అంటే ఆన్సర్ సరే, ఎలా వచ్చిందీ అని. రెండేళ్ళు ఆప్షన్లు కొట్టేసుకుంటూ షార్ట్‌కట్‌లలో లెక్కలు చేసిన చేతికి ఒక్కో స్టెప్పూ జర్మన్ వాక్యంతో రాయడం అంటే నరకం, డిసెంబర్ దాకా రాలేదు, నా పక్కన కూర్చునే మొరాకో అమ్మాయి నీట్‌గా రాసేది, ఆమెకి ఇంగ్లీష్ రాదు నాకు ఫ్రెంచ్ రాదు, ఇద్దరం వచ్చీరాని జర్మన్‌లో ఒకరికొకరం చెప్పుకున్నాం, నిజానికి నా భాష బాగుపడింది క్లాసులో కంటే అక్కడే. ఫైనల్లో మ్యాథ్స్‌లో 1 వచ్చిందని అమ్మకి ఫోన్ చేస్తే "ఒకటేనా" అని కాసేపు మాట్లాడలేదు.

చలికాలం గురించి అందరూ మంచు అంటారు, నాకు మంచుతో ఇబ్బంది లేదు, చీకటితోనే. డిసెంబర్‌లో 8 గంటల క్లాసుకి చీకట్లో వెళ్ళి, 4 దాటాక చీకట్లో రావడం.

స్టార్ ఒకటి ఎందుకు కోశానంటే, చదువు బాగా చెప్తారు గానీ బతకడం గురించి ఒక్క ముక్క చెప్పరు. అక్కడ అన్నీ పోస్ట్‌లో ఉత్తరాలే. రేడియో, టీవీ ఫీజు అని నెలకి 18.36 యూరోల ఉత్తరం వస్తే, నాకు టీవీయే లేదు కదా ఏదో యాడ్ అనుకుని చెత్తలో వేశా. అది టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికి ఒకటి చొప్పున కట్టాల్సిందేనట, మూడో ఉత్తరానికి ఫైన్‌తో కలిపి వచ్చింది. ఓరియంటేషన్‌లో ఒక గంట దీనికి కేటాయిస్తే ఏం పోయింది?

ఫైనల్ పోతే మామూలుగా ఇంకొక్క ఛాన్సే ఉంటుంది, అది గుర్తుంచుకోండి.

మా హాస్టల్లో చేరేవాళ్ళు ఉంటే, మూడో ఫ్లోర్ కిచెన్‌లో సీనియర్లు వదిలేసిన రైస్ కుక్కర్ ఉంది, మూత సరిగ్గా పట్టదు, పైన బరువుగా ఒక ప్లేటు పెట్టుకోండి. పోపు వేసేటప్పుడు కిటికీ తీసి, కారిడార్ వైపు తలుపు మూసెయ్యండి, లేకపోతే అలారమ్ మోగి బిల్డింగ్ మొత్తం కిందికి దిగుతుంది, నా వల్ల రెండుసార్లు దిగింది.