డకోటా వచ్చిన వేళ తూర్పు తిరిగి దండం: నా 150-600 లెన్స్‌తో నాలుగేళ్లు

దూరంగా ఉన్నవాటిని దగ్గరికి లాగే ఈ జూమ్ లెన్స్‌కి ఎడమ పక్కన నాలుగు స్విచ్‌లుంటాయి. పైనుంచి రెండోదాని మీద నాకు ఏడాది దాటినా కోపం పోలేదు. కోపం చల్లారాక నింపాదిగా రాద్దామనుకున్నాను గానీ అది చల్లారేట్టు లేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

బరువెంత, లోపల అద్దాలెన్ని, ధరెంత అనేవి ఎక్కడైనా దొరుకుతాయి. కంపెనీ పేరు కూడా రాయను. ఇలాంటి 150-600లు ఒకటికి మించి ఉన్నాయి, అన్నీ అన్నదమ్ముల్లాగే ఉంటాయి.

నాది ఒడిశాలోని కొరాపుట్ జిల్లా సునాబెడ. నాన్న ఇక్కడి హెచ్ఏఎల్ (హిందుస్థాన్ ఏరోనాటిక్స్) విమాన ఇంజన్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు. మిగ్-21 యుద్ధవిమానం ఒళ్ళు నాసిక్‌లో తయారైతే, ఎలక్ట్రానిక్ సరంజామా హైదరాబాద్‌లో, గుండెకాయ మా ఊళ్ళో తయారయ్యేవి. కాబట్టి మా ఇంట్లో విమానం అంటే ముందు ఇంజన్, ఆ తర్వాతే రెక్కలూ తోకా. నాకు టౌన్‌షిప్ దగ్గర చిన్న స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు, బారసాలలు, పాస్‌పోర్ట్ ఫోటోలు. ఈ లెన్స్ పెళ్ళికి తీసుకెళ్తే తలంబ్రాలు కనపడవు, తలంబ్రాల్లో ఒక్క బియ్యపు గింజ కనపడుతుంది. అంటే ఇది నాకు పైసా సంపాదించిపెట్టని వస్తువు. 2021 చివర్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు ఇంట్లో ఏం మాటలు పడ్డానో రాయను.

మొదటి పాఠం నేర్పింది లెన్స్ కాదు, నాన్న. విశాఖ బీచ్‌లో నేవీ డే విన్యాసాలకి వెళ్ళి, డోర్నియర్ విమానాన్ని సూదిలా పదునుగా తీసుకొచ్చాను. షట్టర్ 1/2000, అంటే సెకనులో రెండువేలో వంతు సేపే తెరుచుకుంది. రివెట్లు లెక్కపెట్టొచ్చు. ఫోన్‌లో చూపిస్తే నాన్న కళ్ళజోడు సర్దుకుని, "ఏట్రా ఇది, ఇంజన్లు రెండూ ఆగిపోయాయేటి?" అన్నాడు. నిజమే. ప్రొపెల్లర్ రెక్కలు కొయ్యబారిపోయి, దారం కట్టి వేలాడదీసిన బొమ్మ విమానంలా ఉంది. జెట్‌ని ఎంత వేగంగా తీసినా పట్టించుకునే వాళ్ళుండరు. పాత విమానానికి మాత్రం ఆ తిరగడమే ప్రాణం.

తర్వాత డకోటా (రెండో ప్రపంచ యుద్ధం నాటి రెండు ప్రొపెల్లర్ల రవాణా విమానం) ఎప్పటికైనా తియ్యాలన్న పిచ్చి పట్టినప్పుడు, నాన్నే ఒక శుభలేఖ వెనక లెక్క వేసి ఇచ్చాడు. డకోటాకి ఉన్నవి రెండు ప్రాట్ అండ్ విట్నీ ట్విన్ వాస్ప్ ఇంజన్లు, ఒక్కోదానికి పద్నాలుగు సిలిండర్లు, 1,200 గుర్రాల బలం. నింపాదిగా పోయేటప్పుడు ఇంజన్ నిమిషానికి 2,000 చుట్ల దరిదాపుల్లో తిరుగుతుంది. ప్రొపెల్లర్ అంత తిరగదు, మధ్యలో 16కి 9 గేరుంది, ఇంజన్ పదహారు చుట్లు తిరిగితే ఇది తొమ్మిదే తిరుగుతుంది. కాబట్టి దాని వంతు నిమిషానికి 1,125, సెకనుకి 19కి కాస్త తక్కువ. షట్టర్ 1/1000 పెడితే రెక్క కదిలేది ఏడు డిగ్రీలు కూడా కాదు. 1/125 దగ్గర 54 డిగ్రీలు. మూడు రెక్కలు కాబట్టి మధ్య ఖాళీ 120, ఇంచుమించు నిండు చక్రం పడాలంటే 1/60 దాకా దిగాలి. రెండు కేజీల లెన్స్‌ని 600 దాకా పూర్తిగా జూమ్ చేసి చేత్తో పట్టుకుని 1/60! నాన్నకి ఇంజన్ సంగతి తెలుసు గానీ నా చేతి వణుకు సంగతి తెలియదు. బేరమాడి 1/125 దగ్గర ఆగాం.

ఇక్కడే లెన్స్‌ని మెచ్చుకోవాలి. వణుకు ఆపే స్విచ్‌లో రెండో మోడ్ ఉంది. విమానంతో పాటు మనం పక్కకి తిరుగుతుంటే ఆ తిరుగుడుకి అడ్డం రాదు, పైకీ కిందకీ ఊగేదాన్ని మాత్రమే ఆపుతుంది. మొదటి మోడ్‌లో పెడితే మనం కుడికి తిప్పుతుంటే అది ఎడమకి లాగుతున్నట్టుంటుంది, మొండి దూడని తాడు పట్టుకుని లాక్కెళ్ళినట్టు. జంక్షన్‌లో నిలబడి సాలూరు వైపు దిగే లారీల మీద, చేపల బజారు మీద తిరిగే గద్దల మీద నెలల తరబడి సాధన చేశాను. పదికి ఒకటి వచ్చేది. తర్వాత పదికి మూడు. మొదటి ఏడాది అడిగినవాళ్ళందరికీ "పాత విమానాలు తీయాలంటే ఇంతకు మించిన లెన్స్ లేదు" అని చెప్పాను. ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా అనలేను.

ఇక ఆ రెండో స్విచ్. దాన్ని ఫోకస్ లిమిటర్ అంటారు. మూడు మెట్లు. ఒకటి, ఎంత దూరమైనా వెతుకు. రెండు, పది మీటర్లకి అవతలే వెతుకు. మూడు, 2.8 నుంచి పది మీటర్ల లోపే వెతుకు. మొదట్లో ఈ సౌకర్యం నాకు తెగ నచ్చింది. దేవమాలి కొండ మీద సీతాకోకచిలుకలు తీసేటప్పుడు మూడో మెట్టులో పెడితే, వెనకున్న కొండల్ని పట్టించుకోకుండా చటుక్కున రెక్కల మీద కూర్చునేది.

2024 అక్టోబర్ 6, ఆదివారం. వైమానిక దళ దినోత్సవం సందర్భంగా చెన్నై మెరీనాలో ప్రదర్శన. డకోటా వస్తుందని తెలిసింది. వైమానిక దళం దగ్గర ఎగిరే స్థితిలో ఉన్న డకోటా అది. పేరు పరశురామ, 2018లో బాగుచేయించి ఇంగ్లండ్ నుంచి తెచ్చారు. దాని మీద రాసిన వీపీ 905 అన్న నంబరు 1947 అక్టోబర్ 27న శ్రీనగర్‌లో సైనికుల్ని దింపిన డకోటాది. మా ఒడిశావాళ్ళకి డకోటా అంటే ఇంకో లెక్క కూడా ఉంది. తర్వాత మా ముఖ్యమంత్రిగా చేసిన పైలట్ బిజూ పట్నాయక్ 1947లో ఇండోనేషియా నాయకుడు షహ్రీర్‌ని డచ్చివాళ్ళ కళ్ళుగప్పి తీసుకొచ్చింది డకోటాలోనే. మా ఊరికి ఈ ఫ్యాక్టరీ వచ్చిందంటే ఆయన చలవే అని నాన్న తరం వాళ్ళు ఇప్పటికీ అంటారు. ఆయన నడిపిన కంపెనీ డకోటా ఒకటి ఇప్పుడు భువనేశ్వర్ ఎయిర్‌పోర్ట్ దగ్గర నిలబడి ఉంది. అది కదలదు. కదిలేది చూడాలని ఘాట్ దిగి, విజయనగరంలో రైలెక్కాను.

పర్లాకిమిడి నుంచి వెళ్ళి చెన్నైలో ఉద్యోగం చేసుకుంటున్న మా బావమరిది గొడుగు, తువ్వాలు, మజ్జిగ సీసాలతో తోడొచ్చాడు. ఎనిమిదింటికే ఇసకలో చోటు పట్టుకున్నాం. పొద్దున్నే కాకుల మీద, దూరంగా ఉన్న పడవల మీద ఫోకస్ సరిచూసుకున్నాను. బాగానే పనిచేసింది. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమొస్తుంది.

మెరీనా తూర్పు ముఖం. ప్రదర్శన పదకొండింటికి. అంటే సూర్యుడు మన నెత్తికి ముందు, విమానం మనకీ సూర్యుడికీ మధ్య. కింది భాగమంతా నల్లగా పడుతుంది. విశాఖ బీచ్ కూడా తూర్పు ముఖమే గానీ అక్కడ నేవీ వాళ్ళు సాయంత్రం చేస్తారు, ఎండ మన వీపు మీద ఉండి విమానం బంగారంలా మెరుస్తుంది. పైగా అంత వెలుతురులో 1/125 పెట్టాలంటే వెలుతురుకి సెన్సార్ స్పందనని బాగా తగ్గించి ఐఎస్ఓ 100లో పెట్టినా, అపర్చర్ని (లెన్స్ లోపలి కంటిపాపని) 13, 14 దాకా మూయాలి. అలా మూసేసరికి సెన్సార్ మీదున్న దుమ్మంతా ఆకాశంలో చుక్కలు చుక్కలుగా తేలింది. లెన్స్ ముందు బిగించే నల్ల ఫిల్టర్ ఉంటే ఆ బాధ తప్పేది, కానీ దీని మూతి 95 మిల్లీమీటర్లు. ఆ సైజు ఫిల్టర్ ధరకి మా ఇంట్లో ఇంకోసారి మాటలు పడాలి.

జనం పెరిగారు. వెనకవాళ్ళు ముందుకి తోస్తుంటే లెన్స్‌ని పొట్టకి ఆనించుకుని, పైన తడి తువ్వాలు కప్పి, రెండు చేతులా వాటేసుకుని కూర్చున్నాను. పసిపిల్లని పట్టుకున్నట్టు.

"బావా, డకోటా! లెగు లెగు!"

లేచాను. కంటికి స్పష్టంగా కనపడుతోంది. లావాటి ముక్కు, బొద్దు పొట్ట, పక్షిలా కాకుండా పల్లకీలా వస్తోంది. కెమెరా కంటికి ఆనించాను. వ్యూఫైండర్‌లో ఏమీ లేదు. తెల్లటి ఆకాశం తప్ప ఏమీ లేదు. సరిగా గురి పెట్టలేదేమోనని జూమ్ వెనక్కి లాగాను. ఏదో బూడిదరంగు మచ్చ పాకుతోంది. బటన్ నొక్కితే మోటారు గర్రుమని ఇటు చివరకీ అటు చివరకీ కొట్టుకుని ఆగిపోయింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ గర్రు. మూడు మీటర్ల దగ్గర ఫోకస్ పెట్టుకుని కూర్చున్న 600 లెన్స్‌కి కిలోమీటరు దూరంలో ఉన్న విమానం మసగ్గా కూడా కనపడదు, మాయమైపోతుంది. ఆ సంగతి ఆ రోజే తెలిసింది. ఎదురుగా డకోటా, నేను తూర్పు తిరిగి దండం పెట్టే స్థితి. నిజంగానే తూర్పు తిరిగి ఉన్నాను కూడా.

"ఏటి బావా, తీస్తన్నావా లేదా?" అంటాడు వాడు పక్కనుంచి. టెన్షన్‌లో బ్యాటరీ తీసి పెట్టాను. కెమెరాని తిట్టాను. కార్డుని అనుమానించాను. స్విచ్ మీదకి మాత్రం దృష్టి పోలేదు. చివరికి చెమట చేత్తో లెన్స్ పట్టు మార్చుకుంటుంటే బొటనవేలికి ఏదో గరుకుగా తగిలింది. చూస్తే లిమిటర్ మూడో మెట్టులో ఉంది. తువ్వాలు లాగినప్పుడో, పొట్టకి రాసుకున్నప్పుడో జారిపోయింది. పైకి తోసి కంటికి పెట్టేసరికి డకోటా నన్ను దాటేసి వెళ్ళిపోతోంది.

దక్కినవి పదకొండు ఫోటోలు, అన్నీ వెనకనుంచి. పదకొండులో రెండు నిలబడ్డాయి. ఒకదాంట్లో తోక చక్రం, దాని మీదుగా రెండు ఇంజన్లు, వాటి ముందు పొగమంచులా రెండు పలుచటి చక్రాలు. 1/125. ఆ రెండో మోడ్ ఆ గాభరాలో కూడా తన పని తాను చేసింది. ముఖం లేని ఫోటో, కానీ బతికున్న విమానం.

దీనికి లెన్స్‌దే తప్పంటే బావమరిది ఒప్పుకోడు. "దేవమాలిలో చిలకలు తీసి అలాగే వదిలేసుంటావు" అన్నాడు రైల్వే స్టేషన్‌లో. అందుకే పొద్దున కాకుల సంగతి చెప్పాను. కాకులు పడ్డాయంటే స్విచ్ సరిగానే ఉన్నట్టు. అయినా నాకూ ఒక మూల అనుమానం ఉంది, తువ్వాలు కప్పింది నేనే కదా. కానీ నాలుగు స్విచ్‌లూ ఒకే సైజులో, ఒకే వరసలో, తడిమితే తేడా తెలియకుండా పెట్టడం, జూమ్ కదలకుండా తాళం పెట్టిన వాళ్ళకి ఈ స్విచ్‌కి తాళం పెట్టాలని తోచకపోవడం, వీటిని నేను క్షమించలేను. ఆ రోజు ఆ ఎండకి తట్టుకోలేక ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. ఇంటికొచ్చి ఆ వార్త విన్నాక నా స్విచ్ గోల నాకే చిన్నదనిపించింది. చిన్నదైనా ఉంది.

ఇప్పుడు ఆ స్విచ్ మీద నల్ల ఇన్సులేషన్ టేపు వేశాను, రెండో మెట్టులో. ఎండకి జిగురు కరిగి వేళ్ళకి అంటుతుంది, మూడు నెలలకోసారి మారుస్తాను. సీతాకోకచిలుకలు మానేశాను.

వానకి తట్టుకుంటుందని కూడా ఒకప్పుడు చెప్పాను. కెమెరాకి తగిలించే చోట రబ్బరు చుట్టు ఉంది, జల్లుకి ఫర్వాలేదు. కానీ మా కొరాపుట్ వానాకాలం జల్లు కాదు, నెలల తరబడి గోడలు చెమర్చే తేమ. రెండో ఏడాదికి ముందు అద్దం అంచున సాలెగూడులా బూజు మొదలైంది. తుడిపించాను. అప్పట్నుంచి సిలికా జెల్ పొట్లాలేసి, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో పెడుతున్నాను. రాయలసీమలో ఉండేవాళ్ళకి ఈ పేరా అక్కర్లేదు.

కొనమంటారా అంటే, మీకు ఏడాదికి ఒక్క ప్రదర్శనే అందుబాటులో ఉండి, అందులో పాత విమానం ఒక్కసారే దాటిపోతుందంటే, ముందు టేపు కొనుక్కుని తర్వాత లెన్స్ కొనండి. పెళ్ళిళ్ళ మీద బతికేవాళ్ళయితే వద్దనే అంటాను, నన్ను చూసి. గద్దలు, లారీలు, జెట్‌లు తీసేవాళ్ళకి ఈ గొడవే ఉండకపోవచ్చు. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21 ఆఖరిసారి ఎగిరినప్పుడు నేను వెళ్ళలేకపోయాను, ఇక్కడ పెళ్ళి ఒప్పుకుని ఉన్నాను. నాన్న టీవీలో చూశాడు. లెన్స్ డబ్బాలోనే ఉంది.

ఆ తర్వాత విసుగొచ్చి అమ్మేద్దామనుకుంటే, రాయగడ నుంచి ఒకబ్బాయి చూడ్డానికొచ్చాడు. అటూ ఇటూ తిప్పి, టేపు మీద వేలు పెట్టి, "ఇక్కడేమైనా రిపేరా అన్నా?" అని రెండు వేలు తగ్గించమన్నాడు. నాన్న లోపల్నుంచి ఆ తోక ఫోటో ప్రింటు తెచ్చి, ఆ అబ్బాయికి ప్రొపెల్లర్ చక్రాలు చూపించి, శుభలేఖ వెనక లెక్క మళ్ళీ మొదట్నుంచి చెప్పడం మొదలెట్టాడు. గంటన్నర పట్టింది. బేరం కుదరలేదు.