పబ్లిక్ వైఫై: ఓపెనా, పాస్‌వర్డా, లాగిన్ పేజీయా... ఏది మేలు?

లైబ్రరీలోనో, క్లినిక్ వెయిటింగ్ హాల్లోనో వచ్చిపోయేవాళ్ల కోసం వైఫై పెడదామనుకోగానే మొదటి తర్జనభర్జన పాస్‌వర్డ్ దగ్గరే మొదలవుతుంది. పెడితే అడిగిన ప్రతివాళ్లకీ చెప్పుకుంటూ కూర్చోవాలి. పెట్టకపోతే ఎవరేం చేస్తారోనని టెన్షన్. చివరికి చాలామంది, ఫోన్ నంబరు అడిగి ఓటీపీ పంపే లాగిన్ పేజీ వైపు మొగ్గుతారు. నేనైతే దాన్ని ఆఖరి వరసలో పెడతాను.

మామూలు ఓపెన్ నెట్‌వర్క్ వాడేవాళ్లకు హాయిగా ఉంటుంది. కాకపోతే ఫోన్‌కీ రూటర్‌కీ మధ్య గాల్లో వెళ్లే డేటాకు వైఫై వైపు నుంచి ఎన్‌క్రిప్షన్ (ఇతరులు చదవలేకుండా డేటాను సంకేతాలుగా మార్చడం) ఏమీ ఉండదు. 2010లో ఫైర్‌షీప్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వచ్చి, ఇలాంటి చోట పక్కవాళ్ల అకౌంట్లలోకి దూరడం ఎంత తేలికో అందరికీ చూపించింది. ఇప్పుడు చాలా సైట్లు డేటాను తామే ఎన్‌క్రిప్ట్ చేసే హెచ్‌టీటీపీఎస్‌కి మారిపోయాయి కాబట్టి అంత ప్రమాదం లేదు. అయినా ఎవరు ఏ సైట్ చూస్తున్నారో పక్కనున్నవాళ్లు పసిగట్టే వీలు చాలావరకు ఉంది.

లాగిన్ పేజీ చూడగానే ఏదో భద్రత ఉందనిపిస్తుంది. నిజానికి దాని వెనక ఉండేది చాలాసార్లు ఆ ఓపెన్ నెట్‌వర్కే. ఓటీపీ కొట్టినంత మాత్రాన ఎన్‌క్రిప్షన్ రాదు. పైగా ఆ పేజీ తెరుచుకోవడమే ఒక గండం. ఫోన్ కనెక్ట్ కాగానే ఇంటర్నెట్‌లో ఒక చిన్న పేజీని అడిగి చూస్తుంది. రావాల్సిన జవాబుకు బదులు ఇంకేదో వస్తే, లాగిన్ కావాలని గ్రహించి ఆ పేజీని ముందుకు తెస్తుంది. వీపీఎన్ (డేటాను వేరే సర్వర్ గుండా పంపే ఏర్పాటు) ఆన్‌లో ఉన్నా, సైట్ పేరును బట్టి దాని అడ్రస్ వెతికిపెట్టే డీఎన్‌ఎస్ సెట్టింగ్ మార్చుకుని ఉన్నా ఈ తంతు బెడిసికొట్టొచ్చు. అప్పుడు బ్రౌజర్‌లో, ఈ సైట్ అసలుదో కాదో తెలియదనే సర్టిఫికెట్ హెచ్చరిక కనబడొచ్చు. "ఏం కాదు, నొక్కేయండి" అని కౌంటర్ దగ్గరివాళ్లు చెప్పడం మొదలుపెడితే, జనానికి అంతకన్నా చెడ్డ అలవాటు మరొకటి నేర్పలేం.

ఇక ఓటీపీ రావాలంటే మొబైల్ సిగ్నల్ ఉండాలి. సిగ్నల్ అందని సెల్లార్‌లో కూర్చున్న మనిషి వైఫై అడిగేదే అందుకు కదా! ఒకసారి లాగిన్ అయినవాళ్లను గుర్తుపెట్టుకుందామన్నా, ఈ పేజీలు ఎక్కువగా ఆధారపడేది ఫోన్ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఫోన్‌ను గుర్తుపట్టే నంబరు) మీద. ఆండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు అసలు అడ్రస్ దాచి వేరేది చూపిస్తున్నాయి, కొన్ని దాన్ని మధ్యమధ్యలో మారుస్తాయి కూడా. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది, అవసరం లేకపోయినా పోగుపడే ఫోన్ నంబర్ల కుప్ప. అది బయటికి పొక్కితే జవాబు చెప్పుకోవాల్సింది నెట్‌వర్క్ పెట్టినవాళ్లే. చట్టం అడిగే చోట లాగిన్ పేజీ తప్పదు. అక్కడ కూడా చట్టం అడిగినంతే అడగండి.

అందరికీ ఒకే పాస్‌వర్డ్ అంటే పాతకాలపు పద్ధతిలా కనిపిస్తుంది, కానీ దాని వెనకున్న వైఫై భద్రతా ప్రమాణం డబ్ల్యూపీఏ2నా, దాని తర్వాతి డబ్ల్యూపీఏ3నా అన్నదే అసలు సంగతి. డబ్ల్యూపీఏ2లో, పాస్‌వర్డ్ తెలిసిన మనిషి మీ ఫోన్ కనెక్ట్ అయ్యే క్షణాన్ని పట్టుకోగలిగితే మీ డేటాను విప్పి చూడగలడు. పాస్‌వర్డ్ గోడ మీదే ఉంటుంది కాబట్టి అది అందరికీ తెలిసినట్టే. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3లో ఇలా పక్కన కూర్చుని వినడం కుదరదు. అదే పేరుతో, అదే పాస్‌వర్డ్‌తో దొంగ నెట్‌వర్క్ పెట్టే ప్రమాదం మాత్రం మిగిలే ఉంటుంది.

అదే ఏడాది ఎన్‌హాన్స్‌డ్ ఓపెన్ అనే పద్ధతి కూడా వచ్చింది. పాస్‌వర్డ్ ఉండదు, కానీ ప్రతి ఫోన్‌కీ విడిగా ఎన్‌క్రిప్షన్ ఉంటుంది. పబ్లిక్ వైఫైకి ఇదే సరైన దారి అని నా నమ్మకం. పాత ఫోన్లకు ఇది తెలియదు, వాటికోసం పక్కనే మామూలు ఓపెన్‌ను కూడా నడిపే ట్రాన్సిషన్ మోడ్ ఉంది. ప్రతి ఒక్కరూ సొంత అకౌంట్‌తో కనెక్టయ్యే, యూనివర్సిటీల ఎడ్యురోమ్ లాంటి ఏర్పాట్లు ఇంకా గట్టివి, కానీ చిన్న చోట్లకు అంత హంగామా అక్కర్లేదు.

చిన్న హాలైతే డబ్ల్యూపీఏ3 పాస్‌వర్డ్, గోడ మీద క్యూఆర్ కోడ్. రోజూ కొత్త ముఖాలు వందల్లో వచ్చే చోట ఎన్‌హాన్స్‌డ్ ఓపెన్. ఏది పెట్టినా ఆఫీసు కంప్యూటర్లు వేరే నెట్‌వర్క్‌లో ఉండాలి, ఒక ఫోన్‌కి ఇంకో ఫోన్ కనబడకుండా క్లయింట్ ఐసోలేషన్ ఆన్ చేయాలి.

ఆ తర్వాత వచ్చే ఫిర్యాదు ఒకటుంది: పొద్దున బాగానే పనిచేసిన వైఫై మధ్యాహ్నానికి కొత్తవాళ్లకు అందదు, రూటర్ ప్రతి ఫోన్‌కీ ఇవ్వాల్సిన ఐపీ అడ్రస్ కోసం ఎదురుచూస్తూ ఆగిపోతుంది. అందరూ సిగ్నల్‌ని తిడతారు. మామూలు రూటర్‌లో పంచడానికి ఉండేవి మహా అయితే 250 పైచిలుకు అడ్రస్‌లు. లీజు (ఒక అడ్రస్‌ను ఒక ఫోన్‌కి కేటాయించి ఉంచే గడువు) 24 గంటలుంటే, పొద్దున పది నిమిషాలు కూర్చుని వెళ్లిపోయినవాళ్ల అడ్రస్ కూడా మర్నాటి దాకా వాళ్ల పేరు మీదే ఉండిపోతుంది. రూటర్‌లో అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సెట్టింగ్‌లో లీజును గంటకు దించండి. అదీ చాలకపోతే సబ్‌నెట్‌ను (నెట్‌వర్క్‌లోని అడ్రస్‌ల పరిధిని) /22కి మార్చండి, 1,022 అడ్రస్‌లు దొరుకుతాయి.