కౌంటర్లో సైగల భాష: వీడియోలతోనా, బధిర టీచరుతోనా?

ఒంగోలు బస్టాండు ఎంక్వైరీలోనో, నెల్లూరు బ్యాంకు కౌంటర్లోనో కూర్చునేవాళ్లకు నాలుగు సైగలు నేర్పాలంటే రెండు దారులున్నాయి.

ఒకటి ఫోన్. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం తన వీడియో నిఘంటువును 2021లో 10,000 పదాలకు చేర్చింది. ఖర్చు లేదు, ఖాళీ దొరికినప్పుడు చూసుకోవచ్చు. 'టికెట్', 'ఎంత', 'సంతకం' లాంటి మాటలకు ఇది చాలు.

రెండోది బధిరులే వచ్చి చెప్పే క్లాసు. దీనికి డబ్బు కావాలి, అందరినీ ఒకేసారి కౌంటర్ల నుంచి లేపడమూ కుదరదు. అయినా నా ఓటు దీనికే. ఈ భాష చేతులతోనే అయిపోదు. అవునా కాదా అని అడిగేటప్పుడు కనుబొమలు పైకి లేవాలి. 'ఎక్కడ', 'ఎప్పుడు' లాంటి ప్రశ్న మాట సాధారణంగా చివర్లో వస్తుంది, 'కావలి బస్సు ఎప్పుడు' అన్నట్టు. (తెలుగువాళ్లకు ఇదేం పెద్ద కష్టం కాదులెండి.) మనం తప్పు చేస్తే వీడియో ఊరుకుంటుంది, టీచరు ఊరుకోరు. పైగా మనం సైగ చేయడం కన్నా ఎదుటివాళ్ల సైగ అందుకోవడం దగ్గరే అసలు టెన్షన్. వీడియోను ఎన్నిసార్లైనా వెనక్కి జరపొచ్చు, క్యూలో నిలబడ్డ మనిషిని జరపలేం.

డబ్బు లేదంటే వీడియోలతో మొదలుపెట్టి, నెలకో పూట క్లాసు పెట్టుకోవచ్చు. మొహానికి మాస్కు మాత్రం వద్దు.