అమీన్ నవ్వు, చౌషెస్కు వాలీబాల్

నియంత ఆంతరంగిక జీవితాన్ని తెరకెక్కించాలంటే అతను బతికుండగానే ఎదుట కెమెరా పెట్టవచ్చు, లేదా పోయాక అతని ప్రభుత్వం దాచుకున్న చిత్రాలనే తవ్వి తీయవచ్చు. ఉగాండా అధినేత ఈదీ అమీన్‌పై 1974లో డాక్యుమెంటరీ తీసిన బార్బెట్ ష్రోడర్‌ది మొదటి మార్గం. రుమేనియా పాలకుడు నికొలయ్ చౌషెస్కుపై 2010లో చిత్రాన్ని కూర్చిన ఆంద్రేయ్ ఉజికది రెండవది.

అమీన్ తానే దర్శకుడన్నంత ఉత్సాహంతో ఈతపోటీకి దిగుతాడు, అకార్డియన్ వాయిస్తాడు, మంత్రులను బడిపిల్లల్లా మందలిస్తాడు. నవ్వు తెప్పించే ఆ దృశ్యాల వెనుకే భయం పొంచి ఉంటుంది. చిత్రంలోని కొన్ని భాగాలు నచ్చక, ఉగాండాలోని ఫ్రెంచి పౌరులను హోటల్లో నిర్బంధించి మరీ అతను ష్రోడర్ చేత కోతలు పెట్టించాడు. అమీన్ 1979లో పదవి కోల్పోయాకే అవి తిరిగి చేరాయి.

ఉజికకు ఆ ప్రమాదం లేదు, అంత దగ్గరితనమూ లేదు. వ్యాఖ్యానం లేకుండా మూడు గంటలు సాగే చిత్రంలో వాలీబాల్ ఆట, వేట, విదేశాల్లో స్వాగతాలు చాలావరకు ప్రభుత్వ కెమెరా చూసినవే. 1989 డిసెంబరులో పదవి కోల్పోయిన చౌషెస్కుపై జరిగిన విచారణ దృశ్యాలు మాత్రం ఆ అలంకరణను చీల్చేస్తాయి. ఓపిక ఉన్న ప్రేక్షకుడికి ఇదే లోతైన చిత్రమని ఒప్పుకుంటాను, అయినా నన్ను ఎక్కువ కాలం వెంటాడింది అమీన్ నవ్వే.