ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఏ కైనేజ్ మేలు: ఈజీఎఫ్‌ఆరా, సీడీకే2నా?

ఆఖరి సెమిస్టర్ మొదలైందంటే హనుమకొండలో ఏ బయోటెక్ డిపార్ట్‌మెంట్‌కు వెళ్లినా పిల్లల నోట ఒకటే ప్రశ్న: "సార్, టార్గెట్ ఏది పెట్టుకోవాలి?" మొక్క మాత్రం ముందే ఖాయమైపోయి ఉంటుంది. ములుగు నుంచి వచ్చిన అమ్మాయి నేలవేము అంటుంది, నిజామాబాద్ పిల్లాడు పసుపు అంటాడు. అసలు తేలాల్సింది ఆ మొక్కలోని అణువును ఏ ప్రొటీన్‌తో డాకింగ్ (అణువు ప్రొటీన్‌లో ఎలా అతుక్కుంటుందో కంప్యూటర్‌లో అంచనా వేయడం) చేయాలనేది. దాన్నేమో సీనియర్ల థీసిస్ చూసి దించేస్తారు. అందుకే ఎక్కడ చూసినా ఈజీఎఫ్‌ఆర్ అనే ప్రొటీనే. నన్నడిగితే, చేతిలో కంప్యూటర్ తప్ప వేరే ల్యాబ్ లేని పిల్లలకు సీడీకే2 అనే ప్రొటీన్ మేలు.

రెండూ కైనేజులే. అంటే ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) నుంచి ఒక ఫాస్ఫేట్ తీసి ఇంకో ప్రొటీన్‌కు తగిలించే ఎంజైములు. మనిషి జన్యువుల్లో ఇలాంటివి 500కు పైగా ఉన్నాయి. ప్రతి దానిలోనూ చిన్న తమ్మె ఒకటి, పెద్ద తమ్మె ఒకటి, రెంటినీ కలిపే మడత. ఏటీపీ కూర్చునేది ఆ తమ్మెల మధ్య సందులో. మన మొక్క అణువును డాకింగ్‌లో కూర్చోబెట్టేదీ అక్కడే. ఆ సందు అన్ని కైనేజుల్లోనూ దాదాపు ఒకేలా ఉండడంతోనే వస్తుంది చిక్కంతా. చదునుగా, రెండు మూడు వలయాలు ఉన్న అణువు ఏదైనా సరే ఏదో ఒక స్కోరు (ఎంత గట్టిగా అతుక్కుంటుందన్న అంచనా) ఇస్తుంది. స్కోరు వచ్చింది కాబట్టి మందు దొరికినట్టే అని రాసేస్తే వైవాలో దొరికిపోతారు.

ముందు ఈజీఎఫ్‌ఆర్ సంగతి. ఈ జన్యువు 7వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. దీని ప్రొటీన్ కణం పొరకు అడ్డంగా నిలబడి ఉంటుంది. బయటి వైపు ఈజీఎఫ్ (కణాన్ని పెరగమని చెప్పే ప్రొటీన్) వచ్చి అతుక్కుంటే రెండు ఈజీఎఫ్‌ఆర్‌లు జతకడతాయి. లోపలి వైపు ఒకదాని కైనేజ్ భాగం రెండోదాన్ని నెట్టి పనిలోకి దించుతుంది. తోకలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లాలకు ఫాస్ఫేట్లు పడతాయి, అక్కడి నుంచి రాస్, రాఫ్, మెక్, ఎర్క్ అనే ప్రొటీన్లు వరుసగా లేస్తాయి, చివరికి కణానికి "విభజన మొదలుపెట్టు" అన్న కబురు అందుతుంది. ఈజీఎఫ్‌ను కనిపెట్టిన స్టాన్లీ కోహెన్‌కు 1986లో నోబెల్ వచ్చింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో, ముఖ్యంగా ఎప్పుడూ సిగరెట్ ముట్టని ఆసియా వాళ్లలో, ఈ జన్యువులో మార్పులు ఎక్కువగా కనిపిస్తాయి. గెఫిటినిబ్, ఎర్లోటినిబ్, ఓసిమెర్టినిబ్ వంటి మందులూ ఉన్నాయి. కథ బాగుంటుంది, ఇంట్రడక్షన్ రాయడం సులువు. ఇంటర్వ్యూలో అడిగినా నాలుగు మాటలు చెప్పగలరు. అది కాదనను.

ఇబ్బంది ఫైలు తెరిచాక మొదలవుతుంది. పిల్లలంతా వాడే పీడీబీ (ప్రొటీన్ల ఆకారాలు దాచే ఆన్‌లైన్ భాండారం) ఫైలు 1ఎం17, అంటే ఎర్లోటినిబ్ అతుక్కున్న ఈజీఎఫ్‌ఆర్. పేపర్లలో మడత దగ్గర మెథియోనిన్ 793తో (వరుసలో 793వ అమైనో ఆమ్లంతో) బంధం అని చదువుతారు. ఫైల్లో ఆ అంకె దగ్గర మెథియోనిన్ ఉండదు, అది 769 దగ్గర ఉంటుంది. కారణం చిన్నదే. ఆ ఫైల్లో మొదటి 24 అమైనో ఆమ్లాల సిగ్నల్ ముక్కను వదిలేసి లెక్క మొదలుపెట్టారు. అందుకే పేపర్లో 790 అయిన థ్రియోనిన్ ఇక్కడ 766 అవుతుంది. ఇది తెలియక 793 చుట్టూ గ్రిడ్ బాక్స్ (అణువును ఎక్కడ కూర్చోబెట్టాలో చెప్పే హద్దు) పెట్టి డాకింగ్ నడిపించిన ప్రాజెక్టులు బైండింగ్ అయి అలమారాల్లో ఉన్నాయి.

ఇంకోటి, పోల్చి చూడడానికి కంట్రోల్‌గా పెట్టే మందు. కొత్త మందు కదా అని ఓసిమెర్టినిబ్ పెడతారు. అది సిస్టీన్ 797తో రసాయన బంధం కట్టుకుని విడవకుండా ఉండే రకం. ఆటోడాక్ వీనా అనే డాకింగ్ ప్రోగ్రామ్‌ను మామూలుగా నడిపితే ఆ బంధాన్ని లెక్కలోకి తీసుకోదు. అప్పుడు ఆ మందు కంటే మన పసుపులోని కర్కుమిన్‌కే మంచి స్కోరు వచ్చినా రావచ్చు. టేబుల్‌లో చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వచ్చినాయన కైనేజుల మీద పనిచేసినవాడైతే ఆ టేబుల్ దగ్గరే ఆగుతాడు.

కర్కుమిన్ ఎత్తాం కాబట్టి ఒక మాట. అది చాలా ప్రొటీన్లతో "పనిచేసినట్టు" కనిపించి పరీక్షలనే తప్పుదోవ పట్టించే అణువు అని మందుల రసాయన శాస్త్రజ్ఞులు ఎప్పటి నుంచో హెచ్చరిస్తున్నారు. నీళ్లలో తొందరగా విరిగిపోతుంది, ఒంటికీ సరిగ్గా పట్టదు. పసుపు రేటుకు దీంతో వచ్చిన నష్టమేమీ లేదు గానీ, ప్రాజెక్టుకు మాత్రం వేరే అణువు చూసుకోండి.

సీడీకే2 దగ్గర ఈ తలనొప్పులు తక్కువ. జన్యువు 12వ క్రోమోజోమ్ మీద ఉంది. ప్రొటీన్ మొత్తం 298 అమైనో ఆమ్లాలే, అందులో దాదాపు అంతా కైనేజ్ భాగమే. అంకెల తికమక ఉండదు, మడత దగ్గర ల్యూసిన్ 83 అంటే ఫైల్లోనూ 83నే. కణచక్రంలో దీని పని సూటిగా చెప్పొచ్చు. సైక్లిన్ ఇ అనే తోడు ప్రొటీన్‌తో కలిసి కణాన్ని జీ1 (పెరిగే దశ) నుంచి ఎస్ (డీఎన్‌ఏ నకలయ్యే) దశలోకి దాటిస్తుంది, ఆ తర్వాత సైక్లిన్ ఏతో కలిసి డీఎన్‌ఏ నకలు పని నడిపిస్తుంది. పీ21, పీ27 అనే ప్రొటీన్లు దీనికి బ్రేకులు. పూర్తిగా పనిలోకి దిగాలంటే థ్రియోనిన్ 160 మీద ఫాస్ఫేట్ కూడా పడాలి.

నాకు సీడీకే2 నచ్చేది ఇక్కడే: ప్రొటీన్ కదలికను పిల్లలు కళ్లతో చూడగలరు. 1హెచ్‌సీకే తెరవండి, అందులో సైక్లిన్ లేకుండా ఒంటరిగా ఉన్న సీడీకే2 ఉంటుంది. తర్వాత 1ఎఫ్‌ఐఎన్ తెరవండి, సైక్లిన్ ఏతో ఉన్నది. రెండిటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి గ్లుటమేట్ 51 ఎక్కడుందో చూడండి. ఒంటరిగా ఉన్నప్పుడు అది బయటికి తిరిగి ఉంటుంది. సైక్లిన్ రాగానే అది ఉన్న హెలిక్స్ (మెలి తిరిగిన భాగం) మొత్తం లోపలికి తిరిగి, గ్లుటమేట్ 51 వచ్చి లైసిన్ 33కు జత కుదురుతుంది. అప్పుడు గానీ ఎంజైమ్ పనికి సిద్ధం కాదు. అదే అణువును రెండు రూపాల్లోనూ డాకింగ్ చేసి తేడా రాస్తే, అది పది అణువుల స్కోర్ల పట్టిక కంటే బలమైన ప్రాజెక్టు. మొదలుపెట్టే ముందు 2ఏ4ఎల్ ఫైల్లో సీడీకే2కు అతుక్కుని ఉన్న రోస్కోవిటిన్ అనే నిరోధకాన్ని బయటికి తీసి మళ్లీ డాకింగ్ చేయండి. 2 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు అసలు చోటికే వచ్చి కూర్చుంటే మీ సెట్టింగులు సరైనవని నమ్మొచ్చు. రాకపోతే ముందుకు పోకండి.

మొక్కల పిల్లలకు ఇంకో ఆకర్షణ ఉంది. ఫ్లావోపిరిడాల్ అనే సీడీకే నిరోధకానికి ప్రేరణ మన దేశపు చెట్టులోని రోహిటుకిన్ అనే అణువు. ఆ పని జరిగింది ముంబైలో, ఒక మందుల కంపెనీ పరిశోధనశాలలో. మన మొక్కల్లో ఫ్లేవోన్లకు (ఫ్లావోపిరిడాల్ రకం అణువులకు) కొదవ లేదు కాబట్టి "ఈ రకం అణువునే ఎందుకు తీసుకున్నావు?" అని అడిగితే చెప్పడానికి నిజమైన కారణం ఉంటుంది.

లోటు లేదా అంటే ఉంది. 2003లో సీడీకే2 జన్యువు తీసేసిన ఎలుకలు సంతానం కనలేకపోయాయి గానీ బతికాయి, పెరిగాయి. దాని పని చాలావరకు సీడీకే1 చూసుకుంటుంది. దాంతో మందుల లక్ష్యంగా సీడీకే2 మీద ఆసక్తి కొన్నాళ్లు చల్లబడింది. 2015లో ఆమోదం పొందిన పాల్బోసిక్లిబ్ కూడా సీడీకే4, సీడీకే6ల మీద పనిచేసేదే. అయితే సైక్లిన్ ఇ అతిగా తయారయ్యే కొన్ని కంతులు సీడీకే2 మీదే ఆధారపడతాయని తేలాక కంపెనీలు మళ్లీ అటు తిరిగాయి. ఈ రెండు సంగతులూ పిల్లలకు తెలిసి ఉండాలి, ఎలుకల ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు.

ఏబీఎల్1 అనే ఇంకో కైనేజ్ సంగతేంటని అడిగేవాళ్లూ ఉంటారు. దాని మీద పనిచేసే ఇమాటినిబ్ అనే మందు కథ గొప్పదే. కానీ ఆ మందు కైనేజ్ నిద్రాణ రూపంలో ఉన్నప్పుడు లోపలికి దూరిపోతుంది, మొదటిసారి డాకింగ్ చేసేవాళ్లకు అది కష్టం. పైగా అందరూ దించుకునే 1ఐఈపీ ఫైల్లో ఉన్నది ఎలుక ప్రొటీన్. టైటిల్‌లో "మానవ" అని రాసేముందు చూసుకోండి.

ఈజీఎఫ్‌ఆర్ పెట్టుకోవాల్సిన సందర్భాలు రెండున్నాయి. మీ గైడ్‌కు తెలిసిన ల్యాబ్‌లో కణాలు పెంచే వసతి ఉంటే ఏ431 అనే క్యాన్సర్ కణాల్లో ఈజీఎఫ్‌ఆర్ పుష్కలంగా ఉంటుంది, ఫాస్ఫేట్ పడిందో లేదో వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రొటీన్లను గుర్తించే పరీక్షలో) చూడొచ్చు. రెండోది, మ్యుటేషన్ల మీద ప్రాజెక్టు. అప్పుడు 1ఎం17 వదిలేసి, గెఫిటినిబ్ ఉన్న 2ఐటీవై, 2ఐటీజెడ్ తీసుకోండి. మొదటిది మామూలు ప్రొటీన్, రెండోది 858 దగ్గర ల్యూసిన్ పోయి ఆర్జినిన్ వచ్చినది. టీ790ఎం (790 దగ్గర థ్రియోనిన్ పోయి మెథియోనిన్ వచ్చే మార్పు) కూడా కలుపుతామంటే ఒక జాగ్రత్త. ఆ మార్పు గెఫిటినిబ్‌ను పెద్దగా అడ్డుకోదు. ఏటీపీని గట్టిగా పట్టుకునేలా చేసి, మందుకు పోటీ పెంచుతుంది. డాకింగ్‌లో ఏటీపీ ఉండదు కాబట్టి స్కోరు అంతగా తగ్గకపోతే కంగారుపడి బాక్స్ సైజు మార్చకండి, కారణం డిస్కషన్‌లో రాయండి.