హంసల కోసం తేలినీలాపురం వెళ్ళినప్పుడు

‘సైబీరియా హంసలు’ వస్తాయని బంధువులు చెప్పగా విని, మా అమ్మాయికి చూపించాలని గత జనవరిలో విజయనగరం నుంచి శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలోని తేలినీలాపురం వెళ్ళాం. అక్కడి చెట్ల మీద తెల్లని పెద్ద పక్షులు వందల్లో ఉన్నాయి కానీ, వాటిలో హంస ఒక్కటీ లేదు.

హంస చెట్టు మీద గూడు పెట్టదు. చల్లని దేశాల్లో, నీటి అంచున రెల్లు మధ్య గూడు కట్టుకొని, పొడవాటి మెడను నీళ్ళలోకి దించి నాచును, నీటిమొక్కలను మేస్తుంది. నారింజరంగు ముక్కు మొదట్లో నల్లని బుడిపె ఉంటే మ్యూట్ హంస, ముక్కు మొదలు పసుపుగా, కొన నల్లగా ఉంటే హూపర్ హంస. ఒళ్ళంతా నలుపై ముక్కు ఎర్రగా ఉండేది ఆస్ట్రేలియా హంస. శీతకాలంలో ఎప్పుడో అరుదుగా మన దేశపు వాయవ్య ప్రాంతాల్లో హంస కనిపిస్తుందే తప్ప మన తీరానికి రాదు.

తేలినీలాపురంలో ఉన్నవి గూడబాతులు, అంటే పెలికన్లు. వాటితోపాటు పెయింటెడ్ స్టార్క్ కొంగలు. రెండూ దక్షిణాసియా పక్షులే కనుక సైబీరియా మాటకు ఆధారం లేదు. ఎగిరేటప్పుడు గమనిస్తే పోల్చుకోవడం సులువు: పెలికన్ మెడను వెనక్కి ముడుచుకుంటుంది, ఈ స్టార్క్ కొంగ, హంస మెడను ముందుకు చాచి ఎగురుతాయి. మాకు దగ్గరగా ఉన్న ఒక గూటిలో, తల్లి పెలికన్ నోరు తెరవగానే పిల్ల తన తలను, మెడను తల్లి ముక్కు కింది సంచిలోకి పూర్తిగా దూర్చి, రెక్కలు టపటపా కొట్టుకుంటూ చేపను లాక్కుంది. మా అమ్మాయి చాలాసేపు అక్కడి నుంచి కదలలేదు. పక్కన నిలబడ్డ ఒక ముసలావిడ, “పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలమ్మా ఇవి” అన్నారు. ఆ ఊరివాళ్ళు వాటిని కాపాడుకునే తీరు చూశాక, ఆ మాట నాకు అక్షరాలా నిజమనిపించింది.

బస టెక్కలిలో. గది శుభ్రంగానే ఉంది కానీ, తెల్లవారుజామున బయలుదేరతామని రాత్రే చెప్పినా గేటు తాళం తీసేవారు లేక గంటసేపు ఆగాల్సి వచ్చింది. పక్షులు మేతకు బయలుదేరే వేళ మాకు అలా తప్పిపోయింది. అయినా శ్రీకాకుళంలో దిగి అంతదూరం రావడం కన్నా టెక్కలే మేలు; తాళం సంగతి ముందుగా గట్టిగా మాట్లాడుకోవాలి. ఆటోను మధ్యాహ్నం దాకా మొత్తానికి కుదుర్చుకోవడం మంచిదైంది, ఊళ్ళో తిరుగు ఆటో దొరకడం కష్టం.

ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచిని అంతకు ముందు ఏడాది ఆగస్టులో చూశాం. అక్కడ వానాకాలంలో గూళ్ళు కట్టేవి ఓపెన్ బిల్ కొంగలు. ముక్కు మూసినప్పుడు కూడా మధ్యలో సందు కనిపించడమే వాటి గుర్తు. వరిపొలాల్లోని నత్తలే వాటి ముఖ్యాహారం. రెండు ఊళ్ళ కాలాలు వేరు కనుక ఒకే ప్రయాణంలో రెండూ పెట్టుకోవద్దు.

మన కావ్యాల్లో మానససరోవరానికి ఎగిరిపోయే హంస నిజానికి తల వెనుక రెండు నల్లని పట్టెలుండే బాతే కావచ్చని కొందరు పండితులు అంటారు. టిబెట్ సరస్సుల్లో పిల్లల్ని పెట్టి హిమాలయాలను దాటి వచ్చే ఆ బాతును చూడాలంటే, ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోని చిలికా సరస్సుకు శీతకాలంలో వెళ్ళాలి. వచ్చే డిసెంబరులో మా ప్రయాణం అక్కడికే.